ముద్ర వేసిన మనిషి

మార్చి 4

ఇవాళ నోటరీ వామనరావు గారు అక్క కాగితాలకి ముద్ర వేశారు.

ఆయన గదిలోకి ఫోను, గడియారం, చెవిలో పెట్టుకునేవి ఏవీ తీసుకెళ్ళనివ్వరు. అన్నీ గుమ్మం దగ్గర పెట్టెలో వేసి, చేతులు కడుక్కుని వెళ్ళాలి. ఆయన, నేను, మధ్యలో బల్ల, అంతే. పత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివారు. చదువుతూ మధ్యమధ్యలో ఆగి ప్రశ్నలు వేశారు.

"మీ అక్క కస్తూరి ఏం పని చేసేది?"

"కెల్మార్ దీవుల్లో నాచు తోటల్లోనండి. సముద్రం మీద. బావ కూడా అక్కడే."

"ఎలా పోయారు?"

"డిసెంబరు తుఫానుకి తోట తెగి కొట్టుకుపోయిందండి. పాప ఆ టైముకి ఒడ్డున బడిలో ఉంది."

"పాప పేరు?"

"కువల. ఆరేళ్ళు."

"నీకేం కావాలి?"

"పాప కావాలండి."

ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "పత్రంలో అలా లేదు. 'సంరక్షకత్వము కోరుచున్నాను' అని ఉంది. సరేలే, రెండూ ఒకటే."

అరచేతికి సిరా రాసుకుని కాగితం మీద గట్టిగా అదిమారు. కింద సంతకం పెట్టారు.

"నీలవేణమ్మా, రూలు ఉంది కాబట్టి చెబుతున్నాను. నేను బతికున్నంతవరకే ఈ ముద్ర చెల్లుతుంది. పై ఆఫీసుల నుంచి ఒక్కో మనిషీ వచ్చి, నా ఎదురుగా కూర్చుని అడుగుతారు. వేసింది నేనే అని చెబితేనే కాగితం కదులుతుంది."

"తెలుసండి."

"తెలిసినా చెప్పాలి."

తర్వాత చాలాసేపు దగ్గారు. నీళ్ళ గ్లాసు అందిద్దామని చెయ్యి చాపితే వద్దని సైగ చేసి తనే తీసుకున్నారు.

ఎవరి సంతకమైనా, ఎవరి గొంతైనా, ఎవరి మొహమైనా యంత్రం చేసేస్తుంటే ఏ దేశం మాత్రం పక్క దేశం కాగితాన్ని నమ్ముతుంది. రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు పంపుతానని కెల్మార్ వాళ్ళకి రాస్తే, అది కూడా కాగితమే కదా అని జవాబిచ్చారు. నేనే వచ్చి అక్కడే రక్తం ఇస్తానంటే, రావడానికి వీసా కావాలి, వీసాకి బంధుత్వం రుజువు కావాలి అన్నారు. తిరిగి తిరిగి ఈ బల్ల దగ్గరికే వచ్చాను.

వాళ్ళ కోర్టులో విచారణ సెప్టెంబరులో. అప్పటికి నా పత్రం వాళ్ళ చేతిలో లేకపోతే పాపని అక్కడే ఒక కుటుంబానికి ఇచ్చేస్తారు. మళ్ళీ మార్చరు.

మార్చి 15

ఆదివారం. పాపతో మాట్లాడించే రోజు.

కాల్ మొదలవగానే కువల నన్నొక ప్రశ్న అడగాలి. మా ఇద్దరికే తెలిసిన సంగతి అయ్యుండాలి. అవతల ఉన్నది నేనేనని, యంత్రం చేసిన నా బొమ్మ కాదని, పాప ఉన్న వసతి గృహం వాళ్ళకి నమ్మకం కావాలి కదా. జవాబు సరిపోతే మాట్లాడనిస్తారు.

"పిన్నీ, నా ఏనుగు బొమ్మ పేరేంటి?"

"గుమ్మడిరాజు."

"సరే" అంది వెనక్కి తిరిగి, అక్కడెవరితోనో. "పిన్నీ, ఇక్కడ అన్నం పెట్టరు. బంగాళాదుంపలే."

"చారు పోస్తారా?"

"చారు అంటే తెలీదు వాళ్ళకి. నువ్వెప్పుడొస్తావు?"

"కాగితాలు అవ్వగానే."

"ఎవరు చేస్తున్నారు కాగితాలు?"

"చాలామంది చేస్తున్నారమ్మా."

"చాలామంది చేస్తే తొందరగా అవ్వాలి కదా" అంది.

ఏప్రిల్ 9

జిల్లా ధ్రువీకరణ ఆఫీసు మెట్ట మీద ఉంది. కింద రోడ్డు సముద్రంలోకి పోయింది కాబట్టి రేవు నుంచి పడవెక్కి, అక్కణ్ణించి నడిచి వెళ్ళాలి. ప్లాంటులో సెలవు దొరకలేదు. రాత్రి షిఫ్టు ఒప్పుకుని పగలు వెళ్ళాను. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఆ ప్లాంటులో ఫిల్టర్లు కడిగే పని నాది. తీసి, కడిగి, మళ్ళీ బిగించేసరికి పక్కది మూసుకుపోతుంది.

అక్క పుట్టిన సర్టిఫికెట్లో కస్తూరి అని, పెళ్ళి సర్టిఫికెట్లో కస్తూరమ్మ అని ఉందట. ఇద్దరూ ఒకరేనని నోటరీ విడిగా రాసివ్వాలన్నారు. మళ్ళీ మా ఊరు చింతలరేవు వచ్చి, మళ్ళీ చేతులు కడుక్కుని వామనరావు గారి ముందు కూర్చున్నాను.

"పెళ్ళయ్యాక అమ్మని ఎవరు చేర్చారు?" అన్నారు.

"పురోహితుడు గౌరవానికి రాసి ఉంటాడండి."

"గౌరవం ఎంత పని చేసింది చూడు" అని నవ్వబోయి దగ్గుతో ఆగిపోయారు. రాసిచ్చారు. మెట్లు దిగి నన్ను సాగనంపబోయి సగంలోనే గోడ పట్టుకుని నిలబడిపోయారు.

బయట బెంచీ మీద సింహాద్రి అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఓడల్లో వెల్డింగు చేస్తాడు. అతనికీ కెల్మార్‌లోనే పని దొరికింది, అర్హత పత్రాల మీద ఈయన ముద్రే ఉంది. "నిరుడు ఈయన ఆస్పత్రిలో పడ్డాడంట అక్కా, ఊపిరితిత్తులు బాగా నేవంట" అన్నాడు మెల్లగా. ఇద్దరం తలెత్తి మెట్ల వైపు చూశాం.

మే 12

జిల్లా ముద్ర పడింది. కాగితాలు రాష్ట్ర ఆఫీసుకి వెళ్ళాయి. ఇక నేను చేసేదేమీ లేదు, ఎదురుచూడటం తప్ప.

ఊరికే ఉండలేక వామనరావు గారి ఇంటికి వెళ్ళాను, నాలుగు మామిడిపళ్ళు సంచిలో వేసుకుని. ఆయన భార్య శేషారత్నం గారు తలుపు తీశారు.

"కాగితం పనా, మనిషి పనా?"

"ఊరికే చూసిపోదామని అండి."

"అందరూ ఊరికే చూసిపోదామనే వస్తున్నారమ్మా. పొద్దున్నించి నువ్వు ఆరోదానివి." పళ్ళ సంచి తిరిగి నా చేతిలోనే పెట్టారు. "ఫీజు తప్ప ఎవరి దగ్గరా గ్లాసు మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదు. ఆయన రూలు కాదు, వాళ్ళ రూలు."

లోపల్నించి ఆయన గొంతు వినబడింది. "ఎవరు?"

"నీలవేణి అండి."

"బతికే ఉన్నానని చెప్పు రత్నం."

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చూడటానికి వచ్చింది అదే కదా.

మే 28

ఎండలు మండిపోతున్నాయి. రాష్ట్ర ఆఫీసు మనిషి వచ్చి వామనరావు గారిని అడిగి వెళ్ళాడని సింహాద్రి చెప్పాడు. అడుగుతున్నంతసేపూ ఆయన కుర్చీలో కూర్చోలేక పడుకునే జవాబిచ్చారట.

షిఫ్టు దిగి ఇంటికెళ్ళి రాగిజావ కాచి, మజ్జిగ కలిపి, సీసాలో పోసుకుని వెళ్ళాను. ఎందుకు కాచానో నిజంగా నాకు తెలీదు. ఆయన కోసమా, పాప కోసమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను.

శేషారత్నం గారు సీసా చూసి తల అడ్డంగా ఊపారు. తలుపు మాత్రం వెయ్యలేదు.

"నిన్నటి నుంచి ఏమీ దిగట్లేదు. నేను పెడితే వద్దంటారు" అన్నారు. తర్వాత చెయ్యి చాపి సీసా తీసుకున్నారు. "నేను కాచానని చెబుతాను."

ఆయన గ్లాసుడు తాగారట. ఈ వారంలో ఇంకో రెండుసార్లు తీసుకెళతాను.

జూన్ 21

ఇవాళ్టి కాల్ గురించి రాయాలనిపించట్లేదు. అయినా రాస్తున్నాను.

"పిన్నీ, నా ఏనుగు బొమ్మ పేరేంటి?" మాటకీ మాటకీ మధ్య తడుముకుంటోంది.

"గుమ్మడిరాజు."

కువల నా వంక చూసి, కాసేపు ఆలోచించి, "కాదు" అంది.

"అదేనమ్మా. నువ్వే పెట్టావు. మీ అమ్మ నవ్వితే అలిగావు కూడా."

"కాదు. దాని పేరు..." ఏదో వాళ్ళ మాట చెప్పింది. బొమ్మకి కొత్త పేరు పెట్టుకుంది. లేదా పాత పేరు మర్చిపోయింది. ఏదైనా ఒకటే.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. తెర నల్లబడింది. జవాబు సరిపోలేదు కాబట్టి నేను నేను కాదు. మళ్ళీ కాల్ కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలట. తెర ముందు కూర్చుని, గుమ్మడిరాజు, గుమ్మడిరాజు అని అనుకుంటూ ఉండిపోయాను.

జూలై 6

ఢిల్లీలో కేంద్ర ముద్ర కూడా పడింది. మిగిలింది కెల్మార్ రాయబార కార్యాలయం ఒక్కటే. వాళ్ళ మనిషి రెండు నెలలకోసారి మా వైపు జిల్లాలన్నీ తిరుగుతుంది. చింతలరేవుకి పద్దెనిమిదిన వస్తుందని కబురు. మళ్ళీ వచ్చేసరికి విచారణ అయిపోతుంది.

ఈ సంగతి చెబుదామని వామనరావు గారింటికి వెళితే తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు ఆస్పత్రి పేరు చెప్పారు.

వరండా నిండా మనుషులే. సింహాద్రి, విదేశం వెళ్ళబోయే ఒక నర్సమ్మ, పెళ్ళి కాగితాల కోసం వచ్చిన జంట, ఇంకా ఎవరెవరో. అందరి కాగితాల మీదా ఆయన చెయ్యే. ఒకామె విభూతి తెచ్చింది. ఒకాయన డాక్టరు కనిపించినప్పుడల్లా లేచి దండం పెడుతున్నాడు. ఎంత మంచివారండీ మీ వారి శిష్యులు అని కొత్త ఆయా శేషారత్నం గారితో అంది.

"శిష్యులు కాదమ్మా. పార్టీలు" అన్నారావిడ.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. తర్వాత ఆవిడ, "పద్దెనిమిదిదాకా ఉంటారా అని డాక్టర్ని అడిగాను. నీకోసమే అడిగాననుకో. అడిగాక నామీద నాకే అసహ్యం వేసింది" అన్నారు.

నేనావిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ ప్రశ్న నేనూ అప్పటికే డాక్టర్ని అడిగానని చెప్పలేదు.

జూలై 18

ఉన్నారు. మాస్కు పెట్టి ఉంది, తెలివి వస్తూ పోతూ ఉంది. రాయబార కార్యాలయం ఆవిడ మధ్యాహ్నం ఆస్పత్రికే వచ్చింది. తెల్లటి పొడుగాటి మనిషి. తర్జుమా యంత్రం వాడకూడదు కాబట్టి తెలుగు నేర్చుకుని వచ్చింది. పుస్తకాల్లో నేర్చుకున్నట్టుంది.

దరఖాస్తుదారు, నోటరీ ఎదురెదురుగా ఉండాలి. ముందు సింహాద్రి వెళ్ళాడు. కాసేపట్లో బయటికొచ్చి గోడకి చేరబడ్డాడు. అయిపోయిందని తలూపాడు. తర్వాత నేను.

ఆవిడ కాగితం ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. "ఈ ముద్ర మీదియేనా?"

"నాదే."

"ఈ స్త్రీ మీ ఎదుట సంతకము చేసినదా?"

"చేసింది. నీలవేణి. అక్క కూతురి కోసం." మాస్కులోంచి మాట గాలిలా వస్తోంది. అయినా తెలుస్తోంది.

"వీరి నుండి రుసుము గాక మరేదైనా స్వీకరించితిరా?"

ఆయన నా వంక చూశారు. కళ్ళు మూసుకున్నారు. నిద్రలోకి జారిపోయారేమో అనుకున్నాను. వేలితో మాస్కు పక్కకి జరిపారు.

"జావ."

"క్షమించండి?"

"రాగిజావ. మూడుసార్లు."

శేషారత్నం గారు మంచం దగ్గరికి వచ్చేశారు. "నేను తీసుకున్నానండి. ఆయనకి తెలీదు. నేను కాచానని చెప్పాను."

"తెలుసు" అన్నారాయన. "నువ్వు మజ్జిగ కలపవు."

రాయబార కార్యాలయం ఆవిడ కలం ఆపింది. "అది ఆహారమా?" అని నన్ను అడిగింది. ఔనన్నాను. ఇంకేమనాలి. ఆవిడ మొహంలో జాలి కనిపించింది.

"నేను దీనిని విననట్లు ఉండలేను" అంది. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసింది. "మీరు మొదటి నుండి ప్రారంభించవచ్చును."

మొదట్నుంచి అంటే ఇంకో నోటరీ, ఇంకో జిల్లా ఆఫీసు, ఇంకో నాలుగైదు నెలలు. విచారణ సెప్టెంబరులో.

వరండాలో సింహాద్రి నా వెనకే వచ్చాడు. "నా కాగితం పనైపోనాది అక్కా. నాకేటో సిగ్గుగా ఉంది" అన్నాడు. నీ తప్పేముంది, వెళ్ళి మీ అమ్మకి చెప్పు అన్నాను.

జూలై 19

ఫిల్టర్లు కడిగాను. ఒక్క మాట. లేదు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనలేకపోయాడు. మనసులో కూడా ఆయన్ని గారూ అనలేకపోతున్నాను.

మానేసి ఇంటికెళ్ళమన్నాడు సూపర్‌వైజరు. వెళ్ళలేదు. ఇంటికెళ్ళి ఏం చెయ్యాలి.

ఆగస్టు 10

వామనరావు గారు బతికారు. ఇవాళ ప్లాంటు గేటు దగ్గర ఆటో ఆగి ఉందని పిలిస్తే వెళ్ళాను. వెనక సీట్లో ఆయన, పక్కన శేషారత్నం గారు. సగమైపోయారు మనిషి. చూడగానే ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాత గుర్తొచ్చింది.

"దిగలేనమ్మా. నువ్వే కాస్త దగ్గరికి రా."

వెళ్ళాను.

"కోపంగా ఉందా?"

"ఉందండి."

"ఉండాలి." ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగాను. "అబద్ధం చెప్పకూడదని పెద్ద నియమం పెట్టుకుని చెప్పాననుకుంటున్నావేమో. అంత ఆలోచించే ఓపిక కూడా లేదప్పుడు. అడిగింది, నోట్లోంచి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళుగా అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పీ చెప్పీ, ఇంకోలా చెప్పడం మర్చిపోయాను. పాప సంగతి ఆ తర్వాత తట్టింది. తట్టేసరికి ఆవిడ వెళ్ళిపోయింది."

శేషారత్నం గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగారు.

నాకు చాలా అనాలని ఉంది. చివరికి, "జావ బాగుండేదా?" అన్నాను.

"బాగుండేది" అన్నారు. ఒక క్షణం ఆగి, "ఉప్పు కాస్త ఎక్కువ వేసేదానివి" అన్నారు.

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ మా వంక చూసి మొహం తిప్పుకున్నాడు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి ఇప్పుడు నాకే పనికీ రాదు. అయినా తియ్యబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 14

తీర్పు వచ్చింది. ఒకటే పేజీ, తెలుగులోకి తర్జుమా చేసి పంపారు. పాపని మారెన్ అనే స్కూలు టీచరుకి, ఆమె భర్తకి ఇచ్చారు. మంచివాళ్ళని రాశారు. నా గురించి ఒక వాక్యం ఉంది. "బంధుత్వము నిరూపణ కానందున, నీలవేణి అను స్త్రీ పరిచయస్థురాలిగా నెలకొకసారి మాట్లాడవచ్చును."

కువల పుట్టినప్పుడు బొడ్డు ఊడేదాకా దాన్ని ఒళ్ళో వేసుకుని స్నానం చేయించింది నేను. పరిచయస్థురాలినట.

అవతలి ఊరి కొత్త నోటరీ దగ్గర పేరు రాయించాను. ఈసారి సంరక్షకత్వం కాదు, చూసి రావడానికి. సంక్రాంతి దాటాక రమ్మన్నారు.

అక్టోబరు 4

మొదటి కాల్, మారెన్ ఇంటి నుంచి. మామూలు కాల్ కాబట్టి తర్జుమా గొంతు వాడుకోవచ్చు. కువల లావైంది. బుగ్గలొచ్చాయి. నన్ను చూసి నవ్వింది కానీ మారెన్ మోకాలు వదల్లేదు. జుట్టు చిక్కులు పడి మొహమంతా కమ్మేసి ఉంది.

మారెన్ ఏదో అంది. ఒక క్షణం తర్వాత తర్జుమా గొంతు వచ్చింది. "ఈమె నన్ను దువ్వనివ్వడం లేదు. బడిలో కత్తిరించమంటున్నారు. ఈమె ఏడుస్తోంది. వాళ్ళ అమ్మ ఏం చేసేదో నాకు తెలియదు. మీకు తెలుసా?"

ఆవిడ మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూశాను. నిద్ర లేని కళ్ళు. చేతిలో దువ్వెన.

తెలుసన్నాను. ముందు నూనె రాయమన్నాను. కొబ్బరినూనె లేదట, వంటనూనె ఏదుంటే అదే గోరువెచ్చగా చేసి తెమ్మన్నాను. తెచ్చింది. కుదుళ్ళ దగ్గర్నుంచి దువ్వకండి, చివళ్ళు ముందు విప్పండి, పైన జుట్టు పిడికిట్లో పట్టుకోండి, అప్పుడు నొప్పి తెలీదు అన్నాను. ఇక్కడ నా చేతులు గాల్లో అలాగే ఆడుతున్నాయి. అక్కడ ఆవిడ చేతులు నా చేతుల్ని చూస్తూ కదులుతున్నాయి. మధ్యలో కువల బుర్ర.

"పిన్నీ, లాగుతోంది" అంది కువల. తెలుగులోనే అంది.

"మెల్లగా అని చెప్పమ్మా ఆవిడకి."

చెప్పింది, వాళ్ళ మాటలో. ఆవిడ చెయ్యి మెల్లబడింది.

మూడు పాయలు తీసి అల్లడం చూపించాను. ఆవిడ కింద దాకా అల్లి, వదిలి, మురిసిపోయి వెనక్కి జరిగింది. కువల తలూపగానే జడ మొత్తం విడిపోయింది. కువలే ముందు నవ్వింది.

మారెన్ పాప జుట్టు మళ్ళీ చేతిలోకి తీసుకుని నా వంక చూసింది. తర్జుమా గొంతు అంది: "దయచేసి మొదటి నుంచి చెప్పండి."

"మూడు పాయలు తియ్యండి" అన్నాను.